బంజరు తరంగములు

మహాభారతములో నొక భూమి పంపకము కలదు. ధృతరాష్ట్రుడు హస్తినాపురమును తన కుమారులకు నిలిపి, పాండవులకు ఖాండవప్రస్థము నిచ్చెను. అది అడవిపట్టు, సేద్యమునకు గాని నివాసమునకు గాని పనికిరాని బీడు. ఇచ్చినవారికి నష్టము లేదు, పుచ్చుకొన్నవారికి లాభము లేదు అని అందరును తలచిరి. కొలది కాలములోనే అచ్చట ఇంద్రప్రస్థము వెలసెను. పిమ్మట దాని వైభవమును జూచి కన్నుకుట్టినవారు హస్తినాపురమువారే.

ఇరువదవ శతాబ్ది తొలిపాదమున ఆకాశములోను ఇట్టి పంపకమొకటి జరిగినది. అందు బీడుగా నెంచి విడువబడినవి 200 మీటర్లకు దిగువనున్న రేడియో తరంగములు. వానిని సాగునకు దెచ్చినవారు జీతబత్తెములు గోరక విద్యమీది మక్కువచే నిస్తంత్రి సాధనములను స్వయముగా నిర్మించుకొన్న ఔత్సాహికులు. లోకము వీరిని అమెచ్యూర్లు అని పిలిచినది. వీరికి నాగలి, తమ చేతులతో చుట్టుకొన్న రాగితీగ. ఆ సాగు ఫలము చుట్టు తిరిగి తెలుగు పల్లెలకును చేరినది గనుక ఈ చరిత్ర మన మెరుగదగినది.

రేడియో విద్యకు ప్రాణము శ్రుతి కలుపుట. రెండు తంబురలను ఒకే శ్రుతిలో నిలిపి ఒకదాని తీగను మీటినచో, రెండవదాని తీగ ఎవరును ముట్టకయే కంపించును. శ్రుతి తప్పినచో కదలదు. విద్యుత్తునందును ఇదియే జరుగునని 1889లో ఆలివర్ లాడ్జి అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రెండు లైడెన్ జాడీలతో నిరూపించెను. 1897లో ఆయన ఈ పద్ధతికి పేటెంటు కోరెను. 1900లో మార్కోనీ పొందిన 7777వ సంఖ్య గల ప్రసిద్ధ పేటెంటు కూడ శ్రుతి కలుపుటకు సంబంధించినదే. ఆకాశములో నొకేసారి నూరు కేంద్రములు పలుకుచుండగా వానిలో నొకదానినే ఏరి వినగలుగుట ఈ విద్య చలవయే.

శ్రుతి వలయమున నుండు ముఖ్య వస్తువులు రెండే. ఒకటి తీగచుట్ట, రెండవది కండెన్సరు. తీగచుట్ట బరువైన బండిచక్రము వంటిది. నిలిచియున్నపుడు కదలనొల్లదు, కదలిన పిమ్మట ఆగనొల్లదు. కండెన్సరు ఎక్కుపెట్టిన విల్లు వంటిది. తనలో నిండిన విద్యుత్తును తిరిగి వెలికి నెట్టును. ఈ రెండింటిని జోడించినపుడు విద్యుత్తు వానిమధ్య ఊయలవలె అటునిటు ఊగును. ఊయల త్రాడు పొడుగైనచో ఊపు మెల్లన, పొట్టియైనచో వడిగా నుండును. అట్లే చుట్టయు కండెన్సరును పెద్దవైనచో దీర్ఘ తరంగము, చిన్నవైనచో హ్రస్వ తరంగము పలుకును. ఇందొక లెక్క కలదు. తరంగము పొడవు సగము కావలెనన్న, చుట్ట విలువను కండెన్సరు విలువను గుణించిన లబ్ధము నాలుగవ వంతునకు తగ్గవలెను. 200 మీటర్ల తరంగమనగా సెకనునకు 15 లక్షల కంపనములు. 100 మీటర్లనగా 30 లక్షలు. తరంగము పొట్టియైనకొలది కంపనములు పెరుగును. చుట్టలో చుట్లు తగ్గును.

ఇక ఆకాశమును పంచిన విధము. 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మునిగెను. ఆ సమయమున నిస్తంత్రి వార్తలు ఒకదానిమీద నొకటి పడి కలగాపులగమైన సంగతి అమెరికా ప్రజలను కలవరపరచెను. ఆ ఏటి ఆగస్టు 13వ తేదీన ఆ దేశమున రేడియో చట్టము వచ్చెను. తరంగము పొడుగైనకొలది దూరము పోవునని నాటి పండితుల నమ్మకము. అందుచే దీర్ఘ తరంగములను నౌకాదళమునకును వర్తకపు ఓడలకును ఉంచి, ప్రైవేటు వ్యక్తులు 200 మీటర్లకు పైబడరాదనియు, 1 కిలోవాటుకు మించిన శక్తిని వాడరాదనియు శాసించిరి. ఆ హద్దురాయి దిగువనున్నదంతయు ఊరిబయటి బంజరు. అందు తిరుగువారు ఇరుగుపొరుగు ఊళ్లతో మాటలాడుకొని, విసిగి, కొన్నాళ్లకు తామే మానుకొందురని అనుకొన్నవారు పెక్కురు.

వారు మానుకొనలేదు. 1914లో హార్ట్‌ఫర్డు నగరమున హైరమ్ పెర్సీ మాక్సిమ్ చొరవతో అమెరికన్ రేడియో రిలే లీగు ఏర్పడెను. ఒకని మాట దూరము పోకున్నచో నడుమనున్న మరియొకడు అందుకొని ముందునకు పంపవలెనని దాని పేరునకు అర్థము. మరుసటి ఏడు ఈ సంఘము తన పత్రికను వెలువరించెను. దాని పేరు క్యూఎస్‌టీ. ఎవడైన క్రొత్త చుట్టను చుట్టి మంచి ఫలితము పొందినచో, ఎన్ని చుట్లు, ఏ తీగ, ఎంత వ్యాసము అను వివరములు అందు అచ్చుపడుచుండెను. ఒక ఇంటిలో తెలిసినది నెలనాళ్లలో వేయి ఇండ్లకు తెలిసెడిది.

ఆ సామగ్రి ఏపాటిదో చెప్పుకొనదగును. అంగడిలో దొరకునవి కొన్ని, కొనలేనివి పెక్కు. తీగ చుట్టుటకు అటుకులవంటి ఓట్ ధాన్యము అమ్మెడి గుండ్రని అట్టపెట్టె చాలును. దానిమీద నూలు తొడుగు గల రాగితీగను పక్కపక్కన బిగువుగా చుట్టి, పైభాగమున ఒక గీత వెంబడి నూలును గీకివేసి, ఆ గీతపై జారు లోహపు బద్ద నమర్చెడివారు. బద్ద ఎచ్చట నిలిచిన, అంతవరకే చుట్లు పని చేయును. పాత ఫోటో అద్దములకు తగరపు రేకు అంటించి కండెన్సర్లు చేసిరి. ఉప్పునీరు నింపిన సీసాలను ఉప్పునీటి తొట్టిలో నిలిపి, సీసా గాజును నడిమి పొరగా వాడుకొన్నవారును కలరు. ప్రసార యంత్రమునకు గూడ ఆ సీసాలే ఆధారము.

వినుటకు గలీనా అను సీసపు ఖనిజపు ముక్క, దానిమీద మోపిన సన్నని తీగ మొన. ఈ ఖనిజమునకు తరంగములను పసిగట్టు గుణము కలదని కనుగొన్నవాడు మన జగదీశ చంద్ర బోసు. 1901లో ఆయన తరఫున దరఖాస్తు చేయబడగా 1904లో అమెరికా పేటెంటు లభించెను. తెలుగునేలలో వినుకొండ ప్రాంతమున, అగ్నిగుండాల చెంతనున్న బండలమొట్టు గనిలో సీసము తీసినది ఈ ఖనిజమునుండియే. 1922లో అమెరికా ప్రభుత్వ ప్రమాణముల కార్యాలయము ఇంట చేసికొనదగిన రేడియో గూర్చి 120వ సంఖ్య గల చిన్న పుస్తకమును అచ్చువేసి జనులకు అందించెను.

అయినను 200 మీటర్లకు పనికివచ్చిన చుట్ట 100 మీటర్లకు పనికిరాలేదు. పక్కపక్కన నొత్తుకొన్న చుట్లు తమలో తామే చిన్న కండెన్సర్లయి శ్రుతిని చెరచుచుండెను. పైన పూసిన లక్క, మైనము, అడుగునున్న చెమ్మగిలిన అట్ట, ఇవియన్నియు విద్యుత్తును త్రాగివేయుచుండెను. అప్పుడు కనెక్టికట్ రాష్ట్రమున నుండిన జాన్ రైనార్ట్జ్ అను ఔత్సాహికుడు 1921లో తన శ్రుతి వలయమును క్యూఎస్‌టీలో ప్రకటించెను. అందలి చుట్ట సాలెగూడు వంటిది. బల్లపరుపు బిళ్ల అంచున బేసిసంఖ్యలో గాట్లు పెట్టి, తీగను ఒక గాటికి ముందునుండియు మరుసటి గాటికి వెనుకనుండియు పోనిచ్చుట ఆ పద్ధతి. గాట్లు బేసియగుటచే ప్రతి చుట్టును క్రింది చుట్టునకు ఎదురుగా పడును. రెండింటికి నడుమ గాలి నిలుచును. మన యూళ్లలో బుట్టలల్లు మేదరి కూడ బేసిసంఖ్యలో నిలువు బద్దలు నిలిపి అల్లుటకు కారణ మిదియే. మేదరికి వంశవిద్యగా తెలిసినది అమెరికా యువకులకు తప్పులు దిద్దుకొనుచు తెలిసివచ్చినది.

మరియొక చిక్కు మనిషి చేయియే. శ్రుతి కలిపి గుబ్బనుండి చేయి తీయగనే ధ్వని మాయమగుచుండెను. మానవ శరీరమే కండెన్సరులో నొక రేకువలె పని చేయుట దీనికి హేతువు. అందుకై గుబ్బకు పొడవైన కొయ్యపిడి తగిలించి దూరమునుండి త్రిప్పిరి. కొలంబియా విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండగా 1912లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు కనుగొన్న మార్గము వారికి గొప్ప సాయమయ్యెను. వాల్వునుండి వెలువడిన విద్యుత్తులో కొంతభాగమును తిరిగి శ్రుతి వలయమునకే అందించుట ఆ మార్గము. ఊయల వెనుకకు వచ్చినపుడెల్ల సమయమెరిగి నెట్టినట్లు, క్షీణస్వరము బలపడును. నెట్టుట మితిమీరినచో యంత్రము తానే కూతపెట్టి ఇరుగుపొరుగువారి రేడియోలను చెరచును. ఎంతవరకు నెట్టవలెనో తెలిసికొనుటయే నాటి నేర్పరితనము.

మొదటి ప్రపంచ యుద్ధమున 1917 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము ఈ కేంద్రముల నన్నిటిని మూయించెను. 1919లో మరల అనుమతి వచ్చెను. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అను ఔత్సాహికుని స్కాట్లండు తీరముననున్న ఆర్డ్రాసన్ అను చోటికి పంపిరి. అతడు సముద్రపుటొడ్డున, వానలో, చలిలో గుడారము వేసికొని, పొలములమీదుగా తీగ పరచి చెవియొగ్గి యుండెను. అట్లాంటిక్ మహాసముద్రపు ఆవలియొడ్డునుండి ఔత్సాహికుల సంకేతములు అతనికి వినవచ్చెను. అయితే అది వినుట మాత్రమే. బదులు పలుకుట కాదు.

1923 నవంబరు చివర ఆ కొరతయు తీరెను. ఫ్రాన్సు దేశమున నీస్ నగరములోని లియాన్ డెలాయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్, రైనార్ట్జ్, ఈ మువ్వురును సుమారు 100 మీటర్ల తరంగముపై ఇరుదిశల సంభాషించిరి. పెద్ద కంపెనీలు మైళ్లకొలది తీగలతో, వందల కిలోవాట్లతో చేయుచున్న పనిని, ఇంటిలో కూర్చున్న వ్యక్తులు కిలోవాటు లోపలి శక్తితో చేసిరి. బంజరులో నిధి కలదని అప్పుడు లోకమునకు తెలిసెను.

మరుసటి ఏడు ఆ నిధి లోతు తెలిసెను. న్యూజిలాండు దేశమున ఒటాగో ప్రాంతములో షాగ్ వ్యాలీ అను లోయ కలదు. అచ్చట గొర్రెల పెంపకముచే జీవించు కుటుంబములో ఫ్రాంక్ బెల్ అను యువకుడుండెను. యుద్ధమునకు పోయి, ఆరోగ్యము చెడి, ఇల్లు చేరి, ఈ విద్యలో పడినవాడు. లండను నగరపు మిల్ హిల్ పాఠశాలలో సెసిల్ గోయ్డర్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి యుండెను. 1924 అక్టోబరు 18వ తేదీన వీరిరువురును మోర్స్ సంకేతములతో పలుకరించుకొనిరి. నడిమి దూరము సుమారు 12,000 మైళ్లు. భూగోళముమీద ఇంతకంటె దూరమున మనుష్యులుండుట అరుదు. బెల్ సోదరి బ్రెండా పిమ్మట ఆ కేంద్రమును తాను చేపట్టి, తన దేశమున మొదటి మహిళా ఔత్సాహికురాలయ్యెను.

కొద్ది శక్తితో ఇంత దూరమెట్లు సాధ్యమైనది? తరంగములు నేలను అంటిపెట్టుకొని పోలేదు. భూమికి చాల ఎత్తున, సూర్యకిరణములచే విద్యుదావేశము పొందిన పొర యున్నది. హ్రస్వ తరంగములు దానిని తాకి, అద్దమునుండి వెలుగు మరలినట్లు క్రిందికి మరలును. అట్టి పొర ఉండవలెనని 1902లోనే కెన్నెల్లీ, హెవిసైడ్ అనువారు ఊహించిరి. అది కలదని 1924 డిసెంబరులో ఎడ్వర్డ్ ఆపిల్టన్ ప్రయోగపూర్వకముగా నిరూపించి, 1947లో నోబెల్ బహుమానము నందెను. ఔత్సాహికులకు కారణము తెలియదు. కార్యము మాత్రము ముందుగా చేసి చూపిరి.

పిమ్మట జరిగినది హస్తినాపురపు కథయే. బీడు పండినదని తెలియగనే ప్రభుత్వములును కంపెనీలును హ్రస్వ తరంగములవైపు మరలినవి. మార్కోనీ కూడ తన నౌకమీద హ్రస్వ తరంగములను పరీక్షించి, ఆంగ్ల సామ్రాజ్యపు కేంద్రములను వానితో కలుపుటకు 1924లో ఒప్పందము చేసికొనెను. 1927లో ఇంగ్లండునకును భారతదేశమునకును ఆ మార్గమున వార్తలు నడువసాగెను. ఆ ఏడే వాషింగ్టన్ నగరమున సర్వదేశ సమావేశము కూడి ఆకాశమును మరల సర్వే చేయించెను. ఔత్సాహికులకు 200 మీటర్ల దిగువ భూమియంతయు పోయి, గట్లవెంబడి చిన్న మడులు మిగిలెను. వానిలో నొకటి సెకనునకు 70 లక్షలు మొదలు 73 లక్షల కంపనముల వరకు గల మడి. సాగుచేసినవానికి పట్టా దక్కకుండుట భూమిమీదనే కాదు, ఆకాశమందును కలదు. అయినను చిన్న మడులైనను నిలిచినవన్న, అది వారి సంఘబలము వలననే.

మన దేశమున ఈ విద్య 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు అను ఔత్సాహికునితో మొదలయ్యెను. తెలుగు జిల్లాలకు రాజధానిగా నుండిన మద్రాసులో 1924 మే 16వ తేదీన సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, జులై 31వ తేదీన ప్రసారములు ప్రారంభించెను. అప్పటికి ప్రభుత్వపు రేడియో లేదు. ధనము చాలక 1927లో అది ఆగిపోయినను, క్లబ్బు యంత్రము మద్రాసు నగర కార్పొరేషనుకు దక్కి, 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి మరల పలికెను.

1936లో భారత ప్రభుత్వపు ఆలిండియా రేడియోకు ప్రధాన ఇంజనీరుగా ఒక ఆంగ్లేయుడు వచ్చెను. ఆయన మరెవ్వరో కాదు, మిల్ హిల్ పాఠశాల విద్యార్థి సెసిల్ గోయ్డరే. ఇంత విశాలమైన దేశమును కొద్ది ధనముతో కప్పవలెనన్న హ్రస్వ తరంగములే శరణ్యమని ఎరిగినవారిలో ఆయన మొదటివాడు. బాలుడుగా చేతిచుట్టతో నేర్చిన పాఠము ఆయన చేతిలో దేశపు ప్రణాళికయయ్యెను. 1938 జూన్ 16వ తేదీన మద్రాసు కేంద్రము తెరవబడినపుడు నగరమునకు చిన్న మధ్యమ తరంగ యంత్రమును, దూరపు జిల్లాలకు హ్రస్వ తరంగ యంత్రమును అమర్చిరి. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినదాక, తెలుగు జిల్లాలలో రేడియో పెట్టె గలవారికి మద్రాసునుండి తెలుగు పాటయు మాటయు రాత్రివేళ ఆ మార్గముననే అందుచుండెను. వినువారిలో అది యొకనాటి బంజరు అని ఎరిగినవారు మిక్కిలి కొలది.

స్వాతంత్ర్య సమరమందును ఆ బంజరు మనకు తోడ్పడెను. 1939లో రెండవ ప్రపంచ యుద్ధము రాగానే భారతదేశమున ఔత్సాహికుల లైసెన్సులను రద్దుచేసి, యంత్రములను అప్పగింపుమనిరి. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున నాయకులందరు చెరసాలలపాలైనపుడు, బొంబాయిలో ఉషా మెహతా అను విద్యార్థినియు ఆమె సహచరులును రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడిపిరి. కేంద్రమును ఇల్లిల్లు మార్చుచు, నవంబరు 12వ తేదీన పట్టుబడువరకు, పత్రికలు అచ్చువేయజాలని వార్తలను దేశమునకు వినిపించిరి. వారు ప్రకటించిన తరంగము 42.34 మీటర్లు. లెక్క వేసినచో అది సెకనునకు సుమారు 70 లక్షల 80 వేల కంపనములు. అనగా ఔత్సాహికులకు మిగిలిన ఆ 70 లక్షల మడిలోనిదే. ఏలినవారు హక్కుదారులను వెళ్లగొట్టి తాళము వేసిన పొలమునుండియే స్వరాజ్య వార్త పలికినది.

స్వాతంత్ర్యానంతరము లైసెన్సులు మరల నియ్యబడినవి. యుద్ధపు మిగులు సామానునుండి వాల్వులు, కండెన్సర్లు చౌకగా కొని, మన ఔత్సాహికులు తమ యంత్రములను తామే కూర్చుకొనిరి. 1983లో హైదరాబాదున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ స్థాపితమయ్యెను. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షమున అండమాను దీవులకు పోయిన భారతీ ప్రసాద్ బృందము పోర్ట్ బ్లెయిరులో నుండగా, 26వ తేదీన సునామీ వచ్చి పడెను. టెలిఫోను తీగలు మూగవోయిన ఆ దినములలో దీవులలోని వారి క్షేమవార్తలు ప్రధాన భూమిలోని బంధువులకు చేరుటకు ఆ బృందపు రేడియో ముఖ్య సాధనమయ్యెను.

ఈ చరిత్ర గ్రంథాలయమునకు పరాయిది కాదు. షాగ్ వ్యాలీ మన పల్లెకంటె మారుమూల. బెల్ వంటివారికి విద్య చేరినది అచ్చుకాగితముమీద. ఫలితము లభించినది చేతివ్రేళ్లలో. చదివినది చేసి చూచిరి, చేసి చూచినది వ్రాసి పదిమందికి పంచిరి. ఈ మూడింటిలో ఏది లోపించినను ఆ బంజరు బంజరుగానే మిగిలియుండును. నేడు ప్రతి యింట, ప్రతి జేబులో శ్రుతి వలయము కలదు. కాని అది మూతపెట్టిన పెట్టెలో, కంటికానని పరిమాణమున నున్నది. దానిని చూచినవారు లేరు, చుట్టినవారు అసలే లేరు. వస్తువు చేరువైనకొలది విద్య దూరమగుచున్నది.

ఒక అట్టపెట్టె, కొంత రాగితీగ, ఒక కండెన్సరు, ఒక గలీనా ముక్క, చెవికి తగిలించు ఫోను, ఈపాటి సామగ్రి మన గ్రంథాలయపు బల్లమీద నుంచినచో, సెలవుదినమున పిల్లలు చుట్లు లెక్కించుచు చుట్టుకొనగలరు. గాలిలోనికి తామును పలుకగోరినచో ప్రభుత్వము పెట్టు పరీక్ష నిచ్చి లైసెన్సు పొందు మార్గము తెరచియే యున్నది. చుట్టినవారిలో పదిమందికి ఏమియు వినబడకపోవచ్చును. పదునొకండవవాడు బద్దను జరుపుచు జరుపుచు ఒకచోట ఆగి, నిశ్శబ్దముగా నుండుడని తక్కినవారికి సైగ చేయును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము అట్టి పిల్లలకు చోటిచ్చి మరి యెన్నో యేండ్లు వర్ధిల్లుగాక.